అప్‌డేట్: అమ్మ మోకాళ్ల నొప్పులతో నార్త్ వేల్స్ కోటలు

నార్త్ వేల్స్ (బ్రిటన్) సముద్ర తీరంలోని లాండుడ్నో ఊళ్లో దిగుతున్నాం, అమ్మ ఎక్కువ మెట్లు ఎక్కే స్థితిలో లేదు, దగ్గర్లో ఏ కోటలు చూడొచ్చు అని అడిగాను కదా, వెళ్లొచ్చాం. అందరికీ చాలా థాంక్స్.

బ్యూమారిస్ కోటతో మొదలుపెట్టమని మీరన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. లోపల నేలంతా దాదాపు చదును, చుట్టూ నీళ్లున్న కందకం, గోడ లోపల మళ్లీ గోడ. 1295లో మొదలుపెట్టి, డబ్బు చాలక సగంలో ఆపేశారు, అందుకే బురుజులు అనుకున్న ఎత్తుకి లేవనేలేదు. ద్వారం పక్కనే చిన్న రేవు ఉంది, అప్పట్లో సరుకుల పడవలు సముద్రంలోంచి కోట గుమ్మం దాకా వచ్చేవి. నాన్న అక్కణ్నించి కదిలితే ఒట్టు.

కార్నార్వాన్‌లో అసలు ఆనందం లిఫ్ట్. కోట ద్వారం కింగ్స్ గేట్ దగ్గర 2023లో ప్రారంభించారు, అమ్మ పైదాకా వచ్చి ఊరంతా చూసింది.

కాన్వీ మాత్రం మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టమే. ఎనిమిది బురుజులు, మెలికలు తిరిగే ఇరుకు మెట్లు, ఎవరైనా ఎదురొస్తే గోడకి అతుక్కుపోవాలి. అమ్మ కిందే పైకప్పు లేని పెద్ద హాల్లో కూర్చుంది, మేం పైకెళ్లి నది మీద 1826 నాటి వేలాడే వంతెన చూశాం.

హార్లెక్ దూరమని వదిలేశాం. పెద్దవాళ్లతో వెళ్తే ఎండాకాలమైనా స్వెటర్లు తప్పనిసరి, పైన గాలి మామూలుగా ఉండదు.