నోటి క్యాన్సర్: కరెంటు (రేడియేషన్) పెట్టే మూడో వారంలో నాయన తిండి మానేశాడు

పీలేరు సుధ
మా నాయనకు బుగ్గ లోపల క్యాన్సర్. ఆపరేషన్ అయ్యాక తిరుపతిలో 30 కరెంట్లు, వారానికోసారి సిస్‌ప్లాటిన్ కీమో రాశారు. రెండు వారాలు బాగానే ఉన్నాడు. ఇప్పుడు నోరంతా పుండ్లు, ఉమ్మి జిగురుగా సాగుతోంది, నాలుక మీద తెల్లటి పొర. పూటపూటకూ సంగటి, ఊరిబిండి ఉండాల్సిన మనిషి మజ్జిగ గ్లాసు చూసినా తల పక్కకు తిప్పుకుంటున్నాడు. "ఇంక చాలు పాపా, ఆపేద్దాం" అంటున్నాడు. మీ ఇళ్లలో ఇది ఎట్లా దాటారో చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

చిత్తూరు రమణ
సుధమ్మా, నాకు నాలుకకు అయింది. ఆ మంట నాకు తెలుసు, మంచినీళ్లు కూడా పుండు మీద కారం చల్లినట్టు తగులుతాయి. అయినా కరెంటు మాత్రం ఆపనివ్వద్దు. సోమవారం నుంచి శుక్రవారం దాకా వరసగా పెట్టేది ఊరికే కాదు. మధ్యలో గ్యాప్ వస్తే మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పెరుగుతాయి.

ముందు నొప్పి సంగతి చూడండి. డాక్టర్ అడిగితే మన మగవాళ్లు "పర్వాలేదు సార్" అనేసి వచ్చేస్తారు. మీరు పక్కనే ఉండి చెప్పండి: రాత్రి నిద్ర లేదు, నీళ్లు కూడా దిగడం లేదు అని. పారాసిటమాల్‌తో తగ్గకపోతే ట్రమడాల్, అదీ చాలకపోతే మార్ఫిన్ రాస్తారు. ఆ పేరు వినగానే భయపడకండి. డాక్టర్ చెప్పిన లెక్కలో నొప్పికి వాడే మందే అది. మలబద్ధకం మాత్రం చేస్తుంది, దానికీ సిరప్ అడిగి తీసుకోండి.

నాకు తిండికి ముందు పుక్కిలించడానికి లిగ్నోకెయిన్ ఇచ్చారు. నోరు మొద్దుబారిన ఆ కాసేపట్లో పలచటి రాగి జావ తాగేసేవాడిని. అప్పుడు వేడి తెలీదు, కాబట్టి జావ చల్లారిందో లేదో మీరు చూసి ఇవ్వండి. గబగబా తాగిస్తే పొలమారుతుంది, అదీ జాగ్రత్త.

విజయ, రిటైర్డ్ స్టాఫ్ నర్స్, తిరుపతి
ఆ తెల్లటి పొర రేపే డాక్టర్‌కు చూపించండమ్మా. పుండ్ల మీద ఫంగస్ పట్టి ఉండొచ్చు. అదైతే వేరే మందు పడాలి, అది పడితేగానీ మంట తగ్గదు.

కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఒక టీస్పూన్ ఉప్పు, ఒక టీస్పూన్ వంటసోడా కలిపి పెట్టుకోండి. మెలకువగా ఉన్నంతసేపు రెండు గంటలకోసారి పుక్కిలించి ఉమ్మేయాలి. జిగురు కూడా తెగుతుంది. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వద్దు. పసుపు, లవంగ నూనె, ఎవరో ఇచ్చిన పసరు పుండ్ల మీద పూయొద్దు. నాయనకు ఖైనీ, బీడీ అలవాటు ఉంటే ఒక్కటి కూడా వద్దు. పొగ తాగితే కరెంటు సరిగా పనిచేయదు.

జ్వరం 100.4 దాటితే పొద్దున చూద్దాంలే అనుకోవద్దు. కీమోతో తెల్లకణాలు తగ్గి ఉంటాయి, అర్ధరాత్రైనా ఆసుపత్రికి తీసుకెళ్లండి. సిస్‌ప్లాటిన్ కిడ్నీల మీద, చెవుల మీద పడుతుంది. మూత్రం తగ్గినా, చెవిలో గుయ్‌మని మోత వచ్చినా తర్వాతి కీమో ఎక్కించక ముందే చెప్పాలి. నీళ్లు తాగలేకపోతే సెలైన్ పెడతారు.

పుత్తూరు లక్ష్మి
అక్కా, మా ఆయనకు ముక్కులోంచి కడుపులోకి తిండి పోసే రైల్స్ ట్యూబ్ వేద్దామంటే ఇంటిల్లిపాదీ ఏడ్చాం. ట్యూబ్ అంటే ఇంక ఆఖరు దశే అనుకున్నాం. కాదు. అది ఈ కొన్ని వారాలు దాటించడానికే. బరువు బాగా తగ్గితే కరెంటు పెట్టేటప్పుడు కదలకుండా ముఖానికి బిగించే మాస్కు వదులవుతుంది, అప్పుడు కొత్త మాస్కు చేసి కరెంటు ప్లాన్ మళ్లీ వేయాల్సి వస్తుంది. అందుకే డాక్టర్లు ప్రతి వారం బరువు చూసేది.

రాగి జావ, పప్పు కట్టు, పాలు, ఆసుపత్రిలో చెప్పిన ప్రొటీన్ పౌడర్, అన్నీ పలచగా చేసి గుడ్డలో వడకట్టేదాన్ని. చిన్న పలుకు ఉన్నా ట్యూబ్ అడ్డుపడుతుంది. కూర్చోబెట్టి, సిరంజితో మెల్లగా పోసి, చివర్లో నీళ్లు పోసి ట్యూబ్ కడగాలి. పోశాక కనీసం అరగంట పడుకోనివ్వొద్దు. ట్యూబ్ ఉన్నా, డాక్టర్ సరేనంటే, రోజూ రెండు మూడు గుక్కల నీళ్లు నోటితో మింగించండి. మింగడం పూర్తిగా మానేస్తే గొంతు కండరాలు బిగుసుకుపోతాయి.

పీలేరు సుధ
విజయమ్మా, మీరన్నట్టే ఫంగస్ అంట, మందు ఇచ్చారు. నొప్పి మందు కూడా మార్చారు. ఈ రోజు సగం గ్లాసు జావ తాగాడు. లక్ష్మక్కా, ట్యూబ్ సంగతి మీరు రాసింది నాయనకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు గానీ కాదనలేదు. మెడ మీద చర్మం నల్లబడి మంటగా ఉందంటున్నాడు, దానికేం చేయాలి?

మదనపల్లె ఖాదర్
చెల్లెమ్మా, అక్కడ సబ్బు, పౌడర్, బ్లేడు తగలనివ్వొద్దు. కాలర్ చొక్కా బదులు మెడకు తగలని నూలు బనియను వేయండి. మన ఎండలకు బయటికొస్తే నూలు కండువా కప్పండి. పూత మందు వాళ్లు ఇచ్చిందే వాడండి, కరెంటుకు వెళ్లే ముందు మందంగా పూయొద్దు.

ఇంకో మాట. కరెంట్లు అయిపోయిన రోజే తగ్గిపోతుందని మా అన్న ఎదురుచూశాడు. నిజానికి ఆ తర్వాతి వారం, పది రోజులు ఇంకా కష్టంగా ఉంటుంది, ఆ తర్వాతే పుండ్లు మానడం మొదలవుతుంది. నాయనకు ఇది ముందే చెప్పి ఉంచండి, లేకపోతే గుండె జారిపోతుంది. రుచి రావడానికి నెలలు పడుతుంది. నోరు ఎండిపోవడం ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది, నీళ్ల సీసా చేతిలోనే ఉండాలి.

నోరు తెరుచుకునే ఎక్సర్‌సైజు ఫిజియోథెరపీ వాళ్లను అడిగి ఇప్పుడే మొదలుపెట్టండి. మా అన్నకు ఐస్‌క్రీం పుల్లలు దొంతరగా పళ్ల మధ్య పెట్టి, ఒక్కో పుల్లా పెంచుతూ చేయించారు. ఇకముందు ఎప్పుడు పన్ను నొప్పి వచ్చినా, ఏళ్ల తర్వాతైనా సరే, దవడకు కరెంటు పెట్టించుకున్నట్టు పళ్ల డాక్టర్‌కు చెప్పకుండా పన్ను పీకించొద్దు. ఎముక మానకుండా పుచ్చిపోయే ప్రమాదం ఉంది.

ఊరి నుంచి రోజూ బస్సులో తిప్పుతున్నారా చెల్లెమ్మా? ఎన్‌టీఆర్ వైద్య సేవ కింద చేయిస్తుంటే, అక్కడ ఆ పథకం పనులు చూసే వైద్యమిత్రను ఆసుపత్రి దగ్గర ఉండటానికి ఏమైనా వసతి ఉందేమో అడగండి. ఈ మిగిలిన వారాలు ప్రయాణం తగ్గినా నాయనకు సగం అలసట తగ్గుతుంది.