శాంటోరినికి అమ్మానాన్నలతో: పెద్ద ఓడా, స్పీడ్ ఫెర్రీయా, విమానమా?

బెజవాడ_రామం:
మేం జర్మనీలో ఉంటాం. ఆగస్టు రెండో వారంలో అమ్మానాన్న వస్తున్నారు. గ్రీస్‌లో ఏథెన్స్ చూసుకుని అక్కడి నుంచి శాంటోరిని దీవికి వెళ్దామనుకుంటున్నాం. ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవు నుంచి పెద్ద ఓడ అయితే దాదాపు 8 గంటలు, స్పీడ్ ఫెర్రీ అయితే 5 గంటలు, విమానమైతే ముప్పావుగంట. మా ఆవిడ విమానమే ఖాయం చేయమంటోంది. నాకు ఓడలో వెళ్లాలని గట్టిగా ఉంది. నాన్నకు 68, అమ్మకు మోకాళ్ల నొప్పులు. వాళ్లను అంతసేపు ఓడలో తిప్పడం సబబేనా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

హనుమకొండ_శ్రీ:
చెల్లెమ్మ చెప్పిందే కరెక్టు రామం గారూ. పొద్దున ఓడ ఏడున్నర ప్రాంతంలో కదులుతుంది, అంటే పెద్దవాళ్లను అయిదింటికే లేపాలి. అక్కడ దిగేసరికి మధ్యాహ్నం మూడవుతుంది. ఒక పగలంతా పోయినట్టే. పైగా 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన పడవ ప్రమాదం చూశాక మా అమ్మ నీళ్ల మీద ప్రయాణమంటేనే వణికిపోతుంది. మీ అమ్మగారిని కూడా ఒక్క మాట అడగండి.

కోనసీమ_కెరటం:
శ్రీ గారూ, అయిదింటికి లేపాలన్నది నిజమే. పగలు పోతుందన్నది మాత్రం ఒప్పుకోను, ఆ పగలే ఈ ప్రయాణంలో సగం.

మొదట భయం సంగతి. కచ్చులూరు బాధ మా వైపు వాళ్లకు ఇంకా తగ్గలేదు, కాబట్టి తేలిగ్గా తీసిపారేయను. అయితే పిరేయస్ నుంచి వెళ్లేవి లారీలూ బస్సులూ కడుపులో పెట్టుకుని సాగే ఓడలు. ప్రమాదాలే జరగలేదనీ అనను. 2000 సెప్టెంబరు 26 రాత్రి ఎక్స్‌ప్రెస్ సమీనా అనే ఫెర్రీ పారోస్ దీవి దగ్గర రాళ్లను గుద్దుకుని మునిగింది, 80 మందికి పైగా పోయారు. ఇప్పుడు గాలి హద్దు దాటితే కోస్ట్‌గార్డ్ ఓడలను రేవులోంచి కదలనివ్వదు.

ఆ గాలి గురించే మీరు ఎక్కువగా ఆలోచించాలి. జులై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి 'మెల్తెమి' అనే గాలి వీస్తుంది. ఆకాశంలో మబ్బుతునక ఉండదు, సముద్రం మాత్రం రేగిపోతుంది. అలాంటప్పుడు ముందుగా ఆపేది చిన్న స్పీడ్ ఫెర్రీలనే. నడిచినా కుదుపు వాటిలోనే ఎక్కువ. చాలావాటిలో బయట నిలబడే చోటు ఉండదు, అద్దాల వెనక సీట్లో కూర్చోవాల్సిందే. ఒకరికి వాంతి మొదలైతే చుట్టూ ఉన్నవాళ్లందరికీ కడుపులో తిప్పుతుంది. ఇంతా చేసి పెద్ద ఓడ కన్నా టికెట్టుకు దాదాపు రెట్టింపు దాకా పెట్టాలి.

పెద్ద ఓడలో మీ నాన్నగారు లేచి అటూ ఇటూ తిరగొచ్చు, కాఫీ తాగొచ్చు, పైన డెక్కు మీద గాలికి కూర్చోవచ్చు. శాకాహారులైతే పాలకూర, చీజ్ పెట్టి కాల్చిన పఫ్ లాంటిది క్యాంటీన్లో దొరుకుతుంది. దారిలో పారోస్, నాక్సోస్ దీవుల్లో ఆగుతుంది. నాక్సోస్ రేవు పక్కనే చిన్న దిబ్బ మీద పూర్తికాని అపోలో గుడి పాలరాతి ద్వారం ఒంటరిగా నిలబడి ఉంటుంది, డెక్కు మీద నుంచే చూడొచ్చు.

ఇక శాంటోరిని. మూడున్నర వేల ఏళ్ల కిందట అగ్నిపర్వతం పేలి కుంగిన గుంటలోకి సముద్రం చేరింది. ఓడ ఆ గుంటలోకే వెళ్తుంది. వాయవ్యం నుంచి వస్తుంది కాబట్టి ముందుకు తిరిగి ఎడమ పక్క నిలబడండి, ఊయా ఊరు అటే. నలుపు, ఎరుపు, బూడిద రంగు పొరలతో కొండ గోడలా లేచి ఉంటుంది. దాని అంచున తెల్లటి వరస మొదట ఉప్పు పేరుకున్నట్టు కనిపిస్తుంది, దగ్గరైతే గానీ ఇళ్లని తెలియదు. విమానంలో వెళ్తే దీవికి అవతలి వైపు చదును నేల మీద దిగుతారు, ఈ రాక ఉండదు.

హనుమకొండ_శ్రీ:
మీరు చెప్పేది వింటుంటే నాకూ వెళ్లాలనిపిస్తోంది, కాదనను. కానీ గాలికి ఓడలు ఆగిపోతాయని మీరే అన్నారు. తిరుగు ప్రయాణం నాడే ఆగితే? ఏథెన్స్‌లో జర్మనీ ఫ్లైటు తప్పిపోతుంది. గాలివాన కారణమైతే ఓడ టికెట్టు డబ్బు వెనక్కిస్తారు, మరి ఫ్లైటు టికెట్లు? అమ్మానాన్నను రేవులో ఎండలో కూర్చోబెట్టిన బాధ?

కోనసీమ_కెరటం:
దానికి నా దగ్గర వాదన లేదండి. అందుకే ఓడ వెళ్లేటప్పుడే. వేసవిలో జర్మనీ నుంచి శాంటోరినికి నేరుగా విమానాలున్నాయి, వచ్చేటప్పుడు అక్కడి నుంచే ఎక్కేయండి.

స్ట్రాస్‌బర్గ్_సుధ:
రామం అన్నయ్యా, తేదీలు చూసుకున్నారా? ఆగస్టు 15 గ్రీకులకు మేరీమాత పండగ. ఊళ్లకు ఊళ్లే దీవులకు కదులుతాయి, టీనోస్ దీవిలోని మేరీమాత గుడికి మోకాళ్ల మీద పాకుతూ వెళ్తారు. మన సంక్రాంతికి హైదరాబాద్ బస్టాండ్ ఎలా ఉంటుందో పిరేయస్ అలా ఉంటుంది. ఇప్పుడే టికెట్లు తీయండి. అసలు ఆగస్టులో శాంటోరినియే ఎందుకు? ఈజినా దీవి స్పీడ్ ఫెర్రీలో 40 నిమిషాలే, గాలి పెద్దగా తగలదు, పాత గుడి ఉంది, పిస్తా తోటలున్నాయి. అత్తయ్య మోకాళ్లకు అదే మేలు. శాంటోరినిలో ఎటు చూసినా మెట్లే.

బెజవాడ_రామం:
సుధా, ఈజినా సంగతి ఇంట్లో అడుగుతాను. అయితే నాన్న శాంటోరిని ఫొటో ఫోన్‌లో వాల్‌పేపర్‌గా పెట్టుకుని కూర్చున్నారు. కెరటం గారూ, ఓడెక్కేటప్పుడు, దిగేటప్పుడు అమ్మకు ఎలా ఉంటుంది? మా ఆవిడ భయం అదే.

కోనసీమ_కెరటం:
కష్టం అక్కడే, దాచను. పిరేయస్‌లో గేట్లు రేవు చుట్టూ దూరదూరంగా ఉంటాయి. 2022 నుంచి మూడో నంబరు మెట్రో పిరేయస్ దాకా వస్తోంది, కానీ అమ్మగారితో వద్దు. గేటు నంబరు ముందురోజే చూసుకుని ట్యాక్సీలో సరిగ్గా అక్కడే దిగండి. ఓడలోకి లారీలు ఎక్కే గేటు నుంచే వెళ్లాలి. పెట్టెలు కింద అరల్లో పెట్టేయండి, దీవి పేరు రాసి ఉంటుంది, నాక్సోస్ అరలో పెట్టకండి. పైకి ఎస్కలేటర్ ఉంటుంది, లేకపోతే లిఫ్టు అడగండి, పెద్దవాళ్లంటే కాదనరు. చవక టికెట్టుకు సీటు నంబరు ఉండదు, కొన్ని యూరోలు ఎక్కువైనా నంబరున్న సీట్లే తీసుకోండి.

దిగేటప్పుడు జనమంతా ముందే కిందికి వెళ్లి డీజిల్ వాసనలో, లారీల మధ్య నిలబడతారు. ఓడ ఇంకా వెనక్కి జరుగుతుండగానే ఇనుప తలుపు దిగుతుంది, తోసుకుంటారు. మీరు ప్రకటన రాగానే లిఫ్టులో దిగి ఓ పక్కన ఆగండి, మొదటి గుంపు పోయాక నడిపించండి. కొండపైకి తీసుకెళ్లే కారు మాత్రం ముందే మాట్లాడి పెట్టుకోండి, శాంటోరినిలో ఓడ ఆగే అథీనియోస్ రేవులో అప్పటికప్పుడు ట్యాక్సీ దొరకడం గగనం.