అప్‌డేట్: మిర్యాలగూడ రైస్ మిల్లు టర్బిడిటీ సెన్సర్ కుదురుకుంది

బాయిల్డ్ రైస్ మిల్లులో వడ్లు నానబెట్టిన నీళ్ల మురికిని కొలిచే సెన్సర్, మధ్యాహ్నం కాగానే రీడింగ్ ఎక్కువ చూపిస్తోంది, ఎందుకని ఇంతకుముందు అడిగాను. కారణం ఎండే. రేకుల సందులోంచి పడే ఎండలోనూ సెన్సర్ వాడే ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని కాంతి) ఉంటుంది కాబట్టి, ఫొటోడయోడ్‌కు (కాంతిని కరెంటుగా మార్చే భాగం) మామూలు వెలుతురును ఆపే ఫిల్టర్ ఉన్నా అది దాన్ని ఆపలేదు.

ఇప్పుడు సెన్సర్‌లోని 850 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ వెలిగించి ఒక రీడింగ్, ఆర్పి ఇంకొకటి తీసుకుని, మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తున్నాం. ఇలాంటి 21 జతల మీడియన్ (వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చే విలువ) తీస్తే బుడగల వల్ల వచ్చే దూకుళ్లు పోయాయి. అయితే కాంతి మరీ ఎక్కువై, సిగ్నల్‌ను పెంచే యాంప్లిఫయర్ దాని గరిష్ఠ హద్దుకు చేరిపోతే ఈ తీసివేత పనికిరాదు. అందుకే సెన్సర్‌ను నల్ల పైపులో, ఫొటోడయోడ్‌ను ఎల్‌ఈడీ కాంతికి 90 డిగ్రీల కోణంలోనే ఉంచాలి. ఇక మిగిలింది గంజి పొర: సెన్సర్ అద్దం మీద వేలు పెడితే జిగటగా తగులుతుంది. రోజూ తుడవక తప్పదు, లేకపోతే రీడింగ్ మెల్లగా జారుతుంది.