పొగాకు కొట్టు ముందు బల్ల మీద చుట్ట కాలిస్తే జరిమానా పడుతుందా?

మాది విజయనగరం. గంటస్తంభం దగ్గర నాన్న కాలం నుంచి చిన్న పొగాకు కొట్టు ఉంది. ఆదివారం ఉదయం పాత ఖాతాదారులు వచ్చి బయటి బల్ల మీద కూర్చుంటారు. ఎక్కువమంది రిటైరైన మాస్టార్లే. టీ తెప్పించుకుని సిరిమాను సంబరం నుంచి రైతుబజార్లో వంకాయ ధర దాకా మాట్లాడతారు. సముద్రం వైపు ఊరి నుంచి వచ్చే ఒక మామ్మ ఇప్పటికీ అడ్డపొగే, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుంటుంది. కొత్తవాళ్లు నోరెళ్లబెడతారు! బేరం పెద్దగా ఉండదు గానీ వాళ్లు రాకపోతే నాకే తోచదు.

ఈమధ్య పక్క కొట్టాయన కేసు అవుతుందని టెన్షన్ పెట్టాడు. 2003 చట్టం ప్రకారం బహిరంగ ప్రదేశంలో పొగ తాగితే 200 రూపాయల దాకా జరిమానా అని తెలుసు. అందుకే లోపల ఎవరినీ కాల్చనివ్వను. 18 ఏళ్ల లోపు పిల్లలకు అమ్మను కూడా. సందేహమల్లా ఆ బల్ల గురించే. పైన రేకులున్నాయి, మూడు వైపులా ఖాళీ. అది ఆరుబయలు కిందికి వస్తుందా, కొట్టులో భాగమా?

ఇంకోటి. డాక్టరు వద్దన్నాక చుట్ట మానేసి, కబుర్ల కోసమే వచ్చేవాళ్లూ ఉన్నారు. వాళ్లకి పొగ తగలకుండా, మిగతావాళ్లు నొచ్చుకోకుండా ఎలా సర్దాలి? తెలిసినవాళ్లు చెప్పండి.