మెట్ట చేలో చెట్లు పెడితే ఎరువు బస్తా తప్పుతుందా?

వినుకొండ మెట్ట:
ఉండేది గుంటూరులో, చేను వినుకొండ దగ్గర. నాలుగెకరాల ఎర్ర నేల, అంతా వర్షాధారం. రెండెకరాలు మేమే కంది వేస్తాం, మిగతాది కౌలుకిచ్చాం. గట్ల మీద గ్లైరిసిడియా (ఆకు కొట్టి నేలకు ఎరువుగా వేసే చెట్టు) పెడదామంటే మా బావ ససేమిరా అంటున్నాడు. "చెట్టు పక్కన పైరు ఏనాడు ఎదిగింది?" అని ఆయన ప్రశ్న. నాకు ఈ ఆలోచన పెడ్రో శాంచెజ్ పరిశోధన చదివాక వచ్చింది. ఆయన క్యూబాలో పుట్టిన మట్టి శాస్త్రవేత్త. చెట్లతో కలిపి చేసే సేద్యం మీద పనిచేసే నైరోబీ పరిశోధన సంస్థను 1991 నుంచి 2001 దాకా నడిపారు. 2002లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నారు. ఎరువు కొనలేని పశ్చిమ కెన్యా రైతుల చేలలో మన జీలుగకు దాయాది మొక్కను పెంచి, నరికి, నేలలో కలిపించి మొక్కజొన్న దిగుబడి పెంచారు. అక్కడ కుదిరింది మనకెందుకు కుదరదు?

లాం దారి:
మీ బావగారి మాట కొట్టిపారేయకండి. పశ్చిమ కెన్యాలో ఏడాదికి రెండు వానకాలాలు. పల్నాడు వాన దాని ముందు ఎంత? 1980లలో పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో సుబాబుల్ వరసల మధ్య మెట్ట పంటలు వేసి చూశారు. చెట్ల పక్క సాళ్ళలో దిగుబడి పడిపోయింది. వేళ్ళు పంట వైపు రాకుండా నేలలో అడ్డు పెడితే ఆ నష్టం పోయింది. అంటే అసలు తగవు నీడతో కాదు, నీళ్ళతో.

వినుకొండ మెట్ట:
నేను చేలో వరసలు పెట్టనండి, గట్టు మీదే. అదీ ఏటా నరుకుతాను. కొట్టిన చెట్టు తాగే నీరు తక్కువ కదా.

సాహెల్ చూపు:
చెట్లన్నీ ఒకటి కాదు. ఆఫ్రికా సాహెల్ ప్రాంతంలో ఫైడెర్బియా అనే తుమ్మజాతి చెట్టు ఉంది. వానకాలంలో ఆకు రాల్చి, ఎండాకాలంలో చిగురిస్తుంది. పైరు ఉన్నప్పుడు నీడ ఉండదు, రాలిన ఆకు నేలకు బలం. నైజర్‌లో రైతులు చేలో పాత మోళ్ళ నుంచి వాటంతట అవే లేచిన పిలకలను కాపాడుకుని సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లు లేపారు. కొత్తగా నాటింది చాలా తక్కువ. మనం చేలో తుమ్మ మొలక కనబడితే గొర్రుతో పీకేస్తాం. నాకు బాధ కలిగించేది అదే.

లాం దారి:
ఒప్పుకుంటాను. కానీ మొదటి ప్రశ్న బస్తా గురించి కాబట్టి లెక్క చెప్తాను. వంద కిలోల ఎండు గ్లైరిసిడియా ఆకులో నత్రజని రెండున్నర, మూడు కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 20 కిలోలు. అంటే ఒక్క బస్తాకు ఏడెనిమిది వందల కిలోల ఎండు ఆకు కావాలి. పచ్చి ఆకైతే మూడు టన్నుల పైమాటే. కష్టమే అయినా నాలుగైదేళ్ళు పెంచిన గట్లతో కొంతవరకు సాధ్యం. భాస్వరం సంగతి వేరు. అదే వంద కిలోల్లో పావు కిలో కూడా ఉండదు. ఒక డీఏపీ బస్తాలోని భాస్వరానికి ఐదు టన్నుల ఎండు ఆకు కావాలి. నత్రజనిని ఈ జాతి మొక్క గాలి నుంచి తెస్తుంది, భాస్వరాన్ని తేలేదు. శాంచెజ్ బృందం చెప్పిందీ అదే. నత్రజనికి చెట్లు, భాస్వరానికి రాక్ ఫాస్ఫేట్ (భాస్వరం ఉన్న రాతి పొడి) అన్నారు. ఆ రెండో సగాన్ని చాలామంది వదిలేసి మాట్లాడుతున్నారు. భూసార పరీక్షలో జింకు, బోరాన్, గంధకం కూడా చూపించండి. మెట్ట నేలల్లో ఈ మూడూ తరచూ తక్కువే ఉంటాయి.

కౌలు రైతు బిడ్డ:
అన్నా, ఇంత మాట్లాడారు, ఆ రెండెకరాలు దున్నే మనిషి ఊసు ఎవరూ ఎత్తలేదు. మా నాన్న ఇరవై ఏళ్ళుగా కౌలు చేస్తున్నాడు. గట్టు మీద చెట్టు ఆకు ఇవ్వడానికి మూడేళ్ళు పడుతుంది. కౌలు మాట ఏడాదికే. చేను చేతిలో ఉంటుందో లేదో తెలియనివాడు మొక్కకు నీళ్ళెందుకు పోస్తాడు? చెట్టు పెరిగితే దాని నీళ్ళ పోటీ మా పైరుకు, కొట్టిన కలప యజమానికి. అందుకే మా నాన్నకు చెట్టంటే టెన్షన్.

వినుకొండ మెట్ట:
తమ్ముడూ, నేను ఆలోచించని మాట చెప్పావు. ఈ జూన్‌లో మేము చేసే రెండెకరాల్లో ఒక్క గట్టుకే పెడతాను. దాని పక్క కంది సాళ్ళు వేరుగా కోసి తూకం వేస్తాం, మా బావే వేస్తాడు. డీఏపీ మానను. కౌలు చేనుకు మాత్రం ముందు ఐదేళ్ళ కాగితం రాస్తాను. ఆకు, కట్టెపుల్ల దున్నేవాడివే అని అందులో ఉంటుంది. అప్పుడే ఆ గట్టు మీద మొక్క.

కౌలు రైతు బిడ్డ:
ఆ కాగితం రాసిన రోజు ఇక్కడ చెప్పన్నా. మా నాన్నకు చూపిస్తాను.