పాట ఇష్టం లేని పిల్లల చేత బ్యాండ్‌లో అదే పాట వాయించడం న్యాయమా? (లాంగ్‌హార్న్ బ్యాండ్ గొడవ)

కెడార్‌పార్క్_అమ్మ

ఆస్టిన్‌లో ఉన్నవాళ్ళకి ఈ గొడవ తెలిసే ఉంటుంది. మిగతావాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌కి లాంగ్‌హార్న్ బ్యాండ్ అనే మార్చింగ్ బ్యాండ్ ఉంది. 1900లో ఒక కెమిస్ట్రీ ప్రొఫెసర్ మొదలుపెట్టారు. తాకట్టు కొట్లో కొన్న వాయిద్యాలతో మొదలై, ఇప్పుడు కౌబాయ్ టోపీలు, ముదురు నారింజ రంగు డ్రెస్సులతో మూడు వందల మందికి పైగా ఉన్న పటాలం అయింది. ఫుట్‌బాల్ ఆట మొదట్లోనూ, చివర్లోనూ ‘ది ఐస్ ఆఫ్ టెక్సస్’ అనే యూనివర్సిటీ పాట వాయిస్తారు. స్టేడియం మొత్తం లేచి నిలబడి, చూపుడువేలూ చిటికెనవేలూ ఎత్తి పాడుతుంది.

2020లో పోలీసు చేతిలో నల్లజాతి వ్యక్తి జార్జ్ ఫ్లాయిడ్ హత్య జరిగిన తర్వాత కొందరు ఆటగాళ్ళు ఈ పాటకి జాతి వివక్ష చరిత్ర ఉంది, మార్చండి అన్నారు. జూలైలో అప్పటి యూనివర్సిటీ ప్రెసిడెంట్ జే హార్ట్‌జెల్ పాట ఉంటుందని తేల్చేశారు. అక్టోబర్‌లో బేలర్ జట్టుతో ఆటకి ముందు బ్యాండ్‌లో సర్వే చేస్తే, వాయిస్తామన్న వాళ్ళు పాటకి సరిపడా లేరని తేలింది. బ్యాండ్ వాయించలేదు. 2021 ఏప్రిల్‌లో యూనివర్సిటీ ఇంకో మాట చెప్పింది: లాంగ్‌హార్న్ బ్యాండ్‌లో ఉండాలంటే ఆ పాట వాయించి తీరాలి, వద్దనుకునే వాళ్ళకి వేరే బ్యాండ్ ఒకటి పెడతాం అని.

మా అమ్మాయి హైస్కూల్ బ్యాండ్‌లో క్లారినెట్ వాయిస్తుంది. ఈ విషయం మీద మా ఇంట్లో రెండు పార్టీలు అయ్యాయి. మీరేమంటారు?

డల్లాస్_డోలు

ఇందులో గొడవ ఏముందండీ? బ్యాండ్‌లో చేరమని ఎవరూ బలవంతం చేయలేదు. మన దగ్గర పెళ్ళికి పిలిచిన బ్యాండ్ మేళంలో క్లారినెట్ ఆయన “నాకు ఈ పాట నచ్చదు, ఇది వచ్చినప్పుడు పక్కన నిలబడతా” అంటే మేస్త్రి ఊరుకుంటాడా? మార్చింగ్ బ్యాండ్ అంటే ముందు క్రమశిక్షణ. వందల మంది ఒకే అడుగు వేయాలి, ఒక్కడు తప్పితే గీత వంకర పోతుంది. పైగా వద్దనుకునే వాళ్ళకి దారి చూపించారు కదా.

ఇక చరిత్ర అంటారా, యూనివర్సిటీ వేసిన కమిటీయే 2021 మార్చిలో నివేదిక ఇచ్చింది. దానికి నాయకత్వం వహించిన రిచర్డ్ రెడిక్ నల్లజాతి ప్రొఫెసర్, అక్కడి పూర్వ విద్యార్థి కూడా. పాట వెనక జాత్యహంకార ఉద్దేశం లేదని ఆ నివేదిక రాసింది. అంతకంటే ఏం కావాలి?

పాతరికార్డు

డోలు గారూ, నివేదికలో సగమే చెప్పారు. మిగతా సగం నేను చెప్తా.

పాట 1903 నాటిది. అప్పటి ప్రెసిడెంట్ విలియం ప్రేథర్ విద్యార్థులకి ప్రసంగాలిచ్చినప్పుడల్లా “టెక్సస్ కళ్ళు మీ మీదే ఉన్నాయి” అనేవాడు. పిల్లలు ఆయన్ని ఆటపట్టించడానికి ఆ మాట పట్టుకుని, అప్పటికే అందరికీ తెలిసిన రైల్‌రోడ్ కూలీల పాట బాణీలో పేరడీ కట్టారు. రాసింది జాన్ సింక్లెయిర్. మొదటిసారి పాడింది 1903 మే 12న, ఆస్టిన్‌లోని హాంకాక్ ఆపెరా హౌస్‌లో, ట్రాక్ జట్టుకి డబ్బు పోగుచేయడానికి పెట్టిన మిన్‌స్ట్రెల్ షోలో. మిన్‌స్ట్రెల్ షో అంటే తెల్లవాళ్ళు ముఖానికి మసి పూసుకుని నల్లవాళ్ళని వెక్కిరిస్తూ ఆడే వినోదం. ఆ రోజు పాడినవాళ్ళు కూడా మసి ముఖాలతోనే ఉండి ఉండవచ్చని మీరు చెప్పిన నివేదికే ఒప్పుకుంది. ఇది ఎవరో కోపంలో పుట్టించిన కథ కాదు.

ఇంకో కథ ఉంది. ప్రేథర్ చదువుకున్న కాలేజీకి అప్పట్లో ప్రెసిడెంట్ రాబర్ట్ ఈ. లీ, అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలబెట్టాలన్న దక్షిణాది పక్షానికి సేనాని. ఆయన “దక్షిణాది కళ్ళు మీ మీద ఉన్నాయి” అనేవాడనీ, ప్రేథర్ దాన్నే తిప్పి వాడాడనీ చెప్పుకునేవారు. కమిటీ దానికి ఆధారం దొరకలేదంది. అదే యూనివర్సిటీలో చరిత్ర ప్రొఫెసర్ అల్బెర్టో మార్టినెజ్ విడిగా పరిశోధించి కమిటీతో విభేదించారు. లీ సంగతి పక్కన పెట్టినా మసి ముఖాల సంగతి మిగులుతుంది.

బిగ్‌బర్తా_ఫ్యాన్

చరిత్ర అంటున్నారు కాబట్టి చిన్న పిట్టకథ. ఈ బ్యాండ్‌కి బిగ్ బర్తా అనే పెద్ద డ్రమ్ముండేది, ఎనిమిది అడుగుల వ్యాసం. అది టెక్సస్‌ది కానే కాదు! 1922లో వాయిద్యాలు తయారుచేసే కాన్ కంపెనీ యూనివర్సిటీ ఆఫ్ షికాగో కోసం చేసింది. 1939లో షికాగో ఫుట్‌బాల్ మానేసింది, డ్రమ్ము స్టేడియం కింద మూల పడింది. సరిగ్గా అదే స్టేడియం కిందే 1942లో శాస్త్రవేత్త ఫెర్మీ బృందం మొదటి అణు రియాక్టర్ నడిపింది. డ్రమ్ముకి రేడియోధార్మికత అంటుకుంది! తర్వాత శుభ్రం చేయించి, 1955లో హెరాల్డ్ బర్డ్ అనే టెక్సస్ ఆయిల్ ఆసామి ఒక్క డాలరుకి కొని బ్యాండ్‌కిచ్చాడు. 2022లో దాన్ని రిటైర్ చేసి కొత్తది తెచ్చారు.

వేళ్ళు కొమ్ముల్లా పెట్టే సైగ కూడా 1955లో వచ్చిందే. అంటే “అనాదిగా వస్తున్న సంప్రదాయం” అని మనం అనుకునేదాంట్లో సగం ఒక్క ఏడాదిలో వచ్చి చేరింది. నేను ఎటువైపూ కాదు, డ్రమ్ము వైపు.

డల్లాస్_డోలు

డ్రమ్ము కథ బాగుంది బ్రో. కానీ అది నా మాటకే బలం. మురికి అంటిన డ్రమ్ముని పారేయలేదు, కడిగి వాడుకున్నారు. పాట కూడా అంతే. 1903లో ఎక్కడ పాడారో ఇప్పుడు స్టేడియంలో పాడేవాళ్ళలో ఎంతమందికి తెలుసు? ప్రేథర్ 1905లో చనిపోతే ఆయన అంత్యక్రియల్లో ఇదే పాట పాడారు. వెక్కిరింతగా పుట్టింది రెండేళ్ళకే గౌరవంగా మారిపోయింది. ఇవాళ గ్రాడ్యుయేషన్‌లో మన పిల్లలు కూడా పాడుతున్నారు. వాళ్ళ మనసులో మసి ముఖం ఉందా?

గుత్తి_వకీలు

నేను ఉండేది అనంతపురంలో, అమెరికా ఫుట్‌బాల్ ఒక్కటీ చూడలేదు. కానీ ఈ ప్రశ్న మన దగ్గరికి ఎప్పుడో వచ్చింది కాబట్టి రాస్తున్నా.

1985లో కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లల్ని బడి నుంచి తీసేశారు. ఏం చేశారు వాళ్ళు? జాతీయ గీతం వచ్చినప్పుడు మర్యాదగా లేచి నిలబడ్డారు, కానీ పాడలేదు. వాళ్ళ మతం ఒప్పుకోదు. కేసు సుప్రీం కోర్టుకి వెళ్ళింది. 1986లో వచ్చిన బిజో ఇమ్మాన్యుయేల్ తీర్పు అదే. రాసింది జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి, మన తెలుగాయనే. నిలబడి మౌనంగా ఉండటం అవమానించడం కాదని, పాడనందుకు తీసేయడం వాళ్ళ వాక్ స్వేచ్ఛకీ, మత స్వేచ్ఛకీ భంగమని తేల్చారు. పిల్లల్ని మళ్ళీ చేర్చుకోమన్నారు.

జాతీయ గీతానికే ఆ వెసులుబాటు ఉంటే, ఒక కాలేజీ ఆటల పాటకి లేదంటే నాకు వింతగా ఉంది.

డల్లాస్_డోలు

వకీలు గారూ, గౌరవంతోనే అంటున్నా. బడి తప్పనిసరి, బ్యాండ్ కాదు. ఆ పిల్లలు పాడకపోయినా గీతం ఆగలేదు. ఇక్కడ బేలర్ ఆట రోజు బ్యాండే ఆగింది.

పాతరికార్డు

అసలు విషయానికి ఇప్పుడొచ్చారు. గుంపులో పాడేవాడు పెదవులు ఆడించి ఊరుకోవచ్చు, ఎవరికీ తెలియదు. వాయించేవాడికి ఆ వీలు లేదు. ట్రాంబోన్లు మోగకపోతే పాట గుల్లగా వినిపిస్తుంది. సూసాఫోన్లు (ఒంటికి చుట్టుకుని ఊదే పెద్ద బాకాలు) లేకపోతే కింది స్వరమే ఉండదు. అందుకే పాడనన్న ఆటగాడి కంటే వాయించనన్న బ్యాండ్ కుర్రాడు యాజమాన్యానికి ఎక్కువ ఇబ్బంది.

దీని ఫలితం చూడండి. పాట పాడటం ఎవరికీ తప్పనిసరి కాదు అని హార్ట్‌జెల్ స్వయంగా చెప్పారు. ఆటగాళ్ళకి తప్పనిసరి కాదు, స్టాండ్స్‌లో కూర్చున్నవాళ్ళకి కాదు. ఒక్క బ్యాండ్‌కి మాత్రం తప్పనిసరి! అందరికంటే పెద్ద చప్పుడు చేసేవాళ్ళకే నోరు లేకుండా పోయింది.

పెళ్ళి బ్యాండ్ పోలిక కూడా కుదరదండీ. మేళం వాళ్ళకి మనం డబ్బిచ్చి పిలుస్తాం. ఇక్కడ పిల్లలు ఫీజు కట్టి చదువుకుంటూ, ఎండలో రిహార్సల్స్ చేసి వాయిస్తున్నారు.

మరి డబ్బు ఎవరిది? 2021 మార్చిలో టెక్సస్ ట్రిబ్యూన్ పత్రిక ప్రెసిడెంట్ ఆఫీసుకి వచ్చిన ఈమెయిళ్ళు బయటపెట్టింది. ఎక్కువ భాగం పాట ఉంచాల్సిందే అన్నవి. పాట తీస్తే విరాళాలు ఆపేస్తామని కొందరు పెద్ద దాతలు బెదిరించారు. ఆ తర్వాతి నెలలోనే బ్యాండ్ నిబంధన వచ్చింది. ఈమెయిళ్ళ వల్లే వచ్చిందని నేను రుజువు చేయలేను, తేదీలు మాత్రం మీ ముందే ఉన్నాయి.

కెడార్‌పార్క్_అమ్మ

వేరే బ్యాండ్ పెడతామన్నారు కదా, దాని మీద ఎవరూ మాట్లాడలేదేం? మా ఆయన వాదన అదే. ఇష్టం ఉన్నవాళ్ళు ఇందులో, లేనివాళ్ళు అందులో, ఎవరికీ టెన్షన్ ఉండదు అని.

పాతరికార్డు

అమ్మా, నాకు అన్నిటికంటే గుచ్చుకుంది అదే. ఇదే యూనివర్సిటీ, ఇదే ఆస్టిన్. 1946లో హీమన్ స్వెట్ అనే నల్లజాతి యువకుడు లా కాలేజీ సీటుకి దరఖాస్తు పెడితే, జాతి కారణంగా ఇవ్వలేదు. కేసు వేశాడు. అప్పుడేం చేశారు? నల్లవాళ్ళ కోసం వేరే లా స్కూల్ ఒకటి హడావుడిగా పెట్టారు, రాష్ట్ర శాసన భవనం దగ్గర ఒక నేలమాళిగలో. “నీకూ ఒకటి ఉందిగా, ఇంకేం?” అని. 1950లో అమెరికా సుప్రీం కోర్టు అది సమానం కాదని కొట్టేసింది. భవనాలు, పుస్తకాల లెక్క ఒక్కటే చూడలేదు. పేరు, పూర్వ విద్యార్థుల పలుకుబడి, సంప్రదాయం, ఇవన్నీ కొత్త స్కూల్లో ఎక్కడివి అని అడిగింది.

ఇప్పుడు బ్యాండ్ సంగతి చూడండి. 1900 నుంచి వస్తున్న పేరు, బిగ్ బర్తా, స్టేడియం, పూర్వ విద్యార్థులు ఒక వైపు. కొత్తగా పుట్టే బ్యాండ్ ఒక వైపు. రెండూ ఒకటేనా? 2021 సెప్టెంబర్‌లో ఎన్‌ఏఏసీపీ అనే పౌర హక్కుల సంస్థ, కొందరు విద్యార్థులు కలిసి అమెరికా కేంద్ర విద్యాశాఖకి ఫిర్యాదు చేసినప్పుడు ఈ వేరు బ్యాండ్ గురించి కూడా గట్టిగానే అడిగారు.

డల్లాస్_డోలు

ఇది అన్యాయమైన పోలిక. స్వెట్‌ని చర్మం రంగు చూసి ఆపారు. ఇక్కడ ఎవరి రంగూ చూడలేదు, పాట వాయిస్తావా లేదా అని ఒక్క ప్రశ్నే. నల్లజాతి విద్యార్థి లాంగ్‌హార్న్ బ్యాండ్‌లో ఉండొచ్చు, తెల్లజాతి విద్యార్థి వేరే బ్యాండ్‌కి వెళ్ళొచ్చు. ఈ తేడా వదిలేస్తే ఇక చర్చ ఎందుకు?

గుత్తి_వకీలు

డోలు గారు చెప్పిన తేడా చట్టం ముందు పెద్ద తేడానే, అందులో అనుమానం లేదు. ఆ వాదనతో నేనైతే కోర్టుకి వెళ్ళను. కానీ కోర్టులో నిలబడేదంతా మంచి నిర్ణయం అనడానికి లేదు. ఆ పాట ఎవరిని వెక్కిరించిన వేదిక మీద పుట్టిందో, ఎక్కువగా ఆ పిల్లలే రెండో బ్యాండ్‌కి పోవాల్సి వస్తుంది. నిబంధన రంగు చూడకపోయినా భారం పడేది వాళ్ళ మీదే.

ఊదురా_ఊదు

హాయ్. నేను వేరే యూనివర్సిటీ మార్చింగ్ బ్యాండ్‌లో మెల్లోఫోన్ (ఒక రకం బాకా) వాయించాను. బయటివాళ్ళకి తెలియని విషయం ఒకటి. బ్యాండ్‌లో ఎవరో ఒకరు వాయించకపోవడం ప్రతి వారం జరిగేదే. పెదవి పగిలిందనో, జలుబు అనో కొమ్ము ఎత్తి పట్టుకుని ఊరికే మార్చ్ చేస్తారు. వరుస చెడదు, ప్రేక్షకులకి తెలియదు. పది మంది ఊదకపోతే బ్యాండ్ పడిపోదు. ఆ పది మందిని అలా వదిలేసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

డల్లాస్_డోలు

పది మందికి నేనూ సరే అంటాను. మరి 2020లోలాగా పాటకి సరిపడా మనుషులే లేకపోతే?

పాతరికార్డు

అప్పుడు బ్యాండ్ లోపలే ఓటు పెట్టాల్సింది. వాయించేది వాళ్ళు.

డల్లాస్_డోలు

ఓటు పెట్టినా ఓడినవాళ్ళు వాయించాల్సిందేగా? “మేం ఓడాం కానీ ఊదం” అంటే మళ్ళీ మొదటికే వస్తాం. దాతల మాట విని పెట్టిన నిబంధన అయితే అది తప్పే, ఆ ముక్క వరకు మీతో ఉన్నాను. బ్యాండే ఓటేసి పెట్టుకున్న నిబంధన అయితే మాత్రం తప్పనిసరి అంటే తప్పనిసరే. వకీలు గారు దీనికి ఏమంటారో చూడాలి.