డాంబా పండుగ, లుంగా డోలు: దగోంబా సంస్కృతి తెలిసినవాళ్లు చెప్పండి

శారద_వి: ఉత్తర ఘనాలో దగోంబా ప్రజల డాంబా పండుగ ఎప్పుడు జరుగుతుందో ఎలా తెలుసుకోవాలి? లుంగా కొని నేర్చుకోవాలంటే ఏం చూసుకోవాలి?

నెలవంక: ఇంగ్లిషు క్యాలెండర్ పట్టుకుంటే పండుగ తప్పిపోతుంది. డాంబా ఇస్లామిక్ చాంద్రమానంలోని రబీ ఉల్ అవ్వల్ నెలలో వస్తుంది కాబట్టి ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుగా వస్తుంది. ఆ నెల 11న సోమో డాంబా, ఆ రోజు బియ్యంలో రాళ్లు ఏరే తంతు. 16న ఆవు చుట్టూ తిరిగే తంతు, 17న నా డాంబా ('నా' అంటే అక్కడి భాషలో రాజు), 18న వీడ్కోలు. ఒక్కరోజే వీలైతే 17న యెండిలో ఉండండి. దగోంబాల మహారాజైన యా నా కొలువు అక్కడే. చంద్రదర్శనాన్ని బట్టి తేదీ మారవచ్చు, ముందూ వెనకా రెండు రోజులు ఖాళీగా పెట్టుకోండి.

తోలుపని: లుంగా నడుము సన్నగా ఉన్న చెక్క గుల్ల. రెండు ముఖాలకూ మేకతోలు, వాటిని కలిపే తోలు తాళ్లు. మన వైపు వాళ్లకు కేరళ ఇడక్క గుర్తొస్తుంది, కానీ ఇక్కడ తాళ్లను చంకతో నొక్కుతారు. భుజానికి గుడ్డతో బిగించి కట్టకపోతే నొక్కినప్పుడల్లా డోలు జారిపోతుంది. వంకర పుల్లతో కొట్టాలి. కొత్తవాళ్లు ముందు కొట్టి తర్వాత నొక్కుతారు, స్వరం సాగిపోతుంది. దగోంబాల భాష దగ్బానీలో హెచ్చు, తగ్గు స్వరాలను బట్టి మాటకు అర్థం మారుతుంది. అందుకే దెబ్బ పడేముందే బిగువు కుదరాలి. కొనేటప్పుడు చెక్కలో పగుళ్లు, తాళ్ల ముడులు చూడండి. హర్మటాన్ పొడిగాలికి తోలు బిగుసుకుని చిట్లుతుంది, వానాకాలంలో వదులై గొంతు పోతుంది. ఎండలో ఎక్కువసేపు పెట్టకండి.

లయ: పక్కన గుంగోన్ అనే పెద్ద డోలు కూడా వినాలి. దాని ముఖం మీద అడ్డంగా కట్టిన సన్నని తాడుతో జీర పలుకుతుంది. ఆ లావు గొంతు లేకుండా లుంగా ఒక్కటే వింటే సగమే విన్నట్టు.

చరిత్రపిపాసి: అన్నిటికన్నా ముఖ్యం, లుంగా వాయించే లున్సీలు రాజుల చరిత్రకు కాపలాదారులు. పండుగ ముందురోజు రాత్రంతా రాజు ఇంటి బయట సంబన్ లుంగా అనే చరిత్ర గానం పాడతారు, యా నాల పేర్లూ బిరుదులూ వరసగా. మొదటి లున్సీ బిజుంగ్, నా న్యాగ్సే కొడుకని వారి సంప్రదాయం. న్యాగ్సే భూమి పూజారులైన తిందానాలను చంపించిన భాగం మాత్రం ఊరికే చెప్పరు, బలి జరగాలి. మాటల్లో పెట్టి రాబట్టాలని చూడకండి, మర్యాద కాదు.

నెలవంక: తిందానాలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల పూజలు, సోదె చెప్పేవాళ్ల మాట, ఇమాముల దువా, మూడూ ఒకే కొలువులో నడుస్తాయి. ఇస్లాం నా జంగినా కాలంలో రాజులకు దగ్గరైంది. ఒకటే మతం అని రాసేవాళ్లు దగ్బాన్‌ను, అంటే దగోంబాల రాజ్యాన్ని, చూడనట్టే.

శారద_వి: రాజకీయం సంగతి? అక్కడ జాగ్రత్తగా మాట్లాడాలంటారు కదా.

చరిత్రపిపాసి: అవును. యా నా వారసత్వం అబుదు, అందానీ శాఖల మధ్య నలిగింది. 2002 మార్చిలో యా నా యాకుబు అందానీ II హత్య జరిగింది. అసాంతే రాజు అసాంతెహెనె నాయకత్వంలో ముగ్గురు ప్రధాన రాజుల సంఘం మధ్యవర్తిత్వం చేశాక, 2019 జనవరిలో అబుకరి మహామా II గద్దెనెక్కారు. గద్దె అంటే సింహం తోలు. ఎవరిది న్యాయమని అడగకండి, బిరుదులు అడగండి, సంతోషంగా చెబుతారు.

తోలుపని: బిరుదు వాయించినప్పుడు లున్సీకి డబ్బులు ఇవ్వాలి. ఆడుతున్నవాళ్ల నుదుటికి నోటు అద్దడం అక్కడి పద్ధతి, చిల్లర నోట్లు ముందే మార్చుకోండి.